అన్ని అప్పులూ ఒకే వాయిదా... అసలు ఖరీదెంత?

వడ్డీ శాతం తగ్గిందని సంతకం పెడుతున్నాం. ఏళ్లు పెరిగాయని చూసుకోవడం లేదు. కృష్ణా డెల్టా చివర్లో పాత ప్రోనోటు నుంచి కొత్త ఈఎంఐ దాకా జరుగుతున్నది ఇదే.

రేపల్లె, చెరుకుపల్లి, నగరం, నిజాంపట్నం చుట్టుపక్కల ప్రోనోటు అంటే తెలియని ఇల్లు ఉండదు. నోటుకు గడువు మూడేళ్లు. ఆలోపు కొంత కట్టి వెనక చెల్లు వేయించాలి, లేదా నోటు తిరగరాయాలి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చిన రైతు మూడేళ్లలో పైసా కట్టలేకపోయాడనుకోండి. వడ్డీ 72 వేలు. తిరగరాసిన నోటు మీద అసలు లక్షా 72 వేలు అవుతుంది. మరో మూడేళ్లు గడిస్తే దాని మీద వడ్డీ 1,23,840. ఆరేళ్ల చివర బాకీ 2,95,840 రూపాయలు. రైతు చేతికి వచ్చింది లక్షే. తిరగరాసిన రోజు మాత్రం ఇద్దరికీ ఊరటే. అప్పిచ్చినాయనకు నోటు చెల్లుబాటులో ఉంది, అప్పు తెచ్చినాయనకు గడువు దొరికింది.

ఇప్పుడు ఇదే పని కొత్త పేర్లతో వస్తోంది. టేకోవర్, టాప్ అప్, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, డెట్ కన్సాలిడేషన్. పేరేదైనా సారం ఒకటే: చిల్లర అప్పులన్నీ ఒక పెద్ద అప్పులో కలిపి, నెలకు ఒకే వాయిదా చేయడం. ఇది మోసమని నేను అనను. సరిగ్గా వాడుకుంటే మునిగిపోతున్న కుటుంబాన్ని గట్టెక్కించగలదు. కానీ దాని ఖరీదు వాయిదా అంకెలో కనిపించదు. ఏ అప్పును ఏ అప్పులో కలిపారు, ఎన్నేళ్లకు సాగదీశారు, అందుకోసం ఏది తాకట్టు పెట్టారు? ఖరీదంతా ఈ మూడింటిలో ఉంటుంది. ఏజెంటు తానుగా ఎత్తని ప్రశ్నలూ ఇవే.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ సంగతి మరీ ముఖ్యం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వే ప్రకారం రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ 2,45,554 రూపాయలు. అదే సర్వేలో దేశం మొత్తం మీద అప్పులున్న కుటుంబాలు 50.2 శాతం, సగటు బాకీ 74,121 రూపాయలు. సగటు బాకీలో అప్పుడు దేశంలోకెల్లా మనదే మొదటి స్థానం.

డెల్టా ఇంట్లో అప్పు ఒక్క చోట ఉండదు. పొలం పత్రాల మీద సొసైటీలోనో బ్యాంకులోనో పంట రుణం ఉంటుంది. కౌలు రైతుకైతే ఆ రుణం కూడా చాలావరకు అందదు, పట్టా యజమాని పేరున ఉంటుంది గనుక. ఆయనకు ప్రోనోటే దిక్కు. పురుగుమందుల కొట్లో అరువు, రొయ్యల చెరువుంటే మేత డీలరు దగ్గర ఖాతా. ఆడవాళ్ల పేరున డ్వాక్రా అప్పు, మెళ్లో నగలు తాకట్టులో. ఈమధ్య పిల్లవాడి ఫోనులో క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను. వీటిలో ప్రతిదానికీ వడ్డీ వేరు, గడువు వేరు, కట్టకపోతే వచ్చే ఇబ్బంది వేరు. అన్నిటినీ ఒకే గంపలో వేసేముందు ఒక్కొక్కటి విడదీసి చూడాలి.

ఆరు లక్షల లెక్క

లెక్క కోసం ఒక కుటుంబాన్ని అనుకుందాం. అప్పులు నాలుగు. బంగారం మీద 2 లక్షలు, రూపాయి వడ్డీ. ప్రోనోటు మీద లక్షన్నర, రెండు రూపాయల వడ్డీ. పర్సనల్ లోను మిగులు లక్షా 80 వేలు, 18 శాతం, ఇంకో 24 నెలలు కట్టాలి. క్రెడిట్ కార్డు బాకీ 70 వేలు, ఏడాదికి 42 శాతం. మొత్తం 6 లక్షలు. పర్సనల్ లోను వాయిదా 8,986 రూపాయలు, మిగతా మూడింటికీ నెలనెలా వడ్డీ మాత్రం కడితే 7,450. నెలకు 16,436 రూపాయలు పోతున్నాయి. పర్సనల్ లోను తప్ప మిగతా వాటిలో అసలు కదలడం లేదు.

అప్పుడు ఏజెంటు వస్తాడు. సంభాషణ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

"అక్కా, నెలకు పదహారు వేల పైచిలుకు కడుతున్నారు. అన్నీ నేను క్లియర్ చేయిస్తా. తొమ్మిది వేల మూడొందలు కట్టుకోండి చాలు. నగలు కూడా ఇంటికొచ్చేస్తాయి."

"వడ్డీ ఎంత బాబూ?"

"పద్నాలుగే అక్కా. ఇంటి కాగితాలు పెడితే ఎవరూ ఇంతకంటే తక్కువకు ఇవ్వరు. మీ కార్డు మీద ఎంత పడుతోందో తెలుసా? నలభై రెండు!"

"ఎన్నేళ్లు కట్టాలి?"

"పదేళ్లు పెట్టుకుందాం. కావాలంటే పదిహేను. ఎన్నేళ్లు పెడితే వాయిదా అంత తేలిక."

ఇందులో అబద్ధమని పట్టుకోదగ్గ మాట దాదాపు లేదు. 6 లక్షలకు 14 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నిజంగానే 9,316 రూపాయలు. నెలకు ఏడు వేలు మిగులుతాయి. పిల్లల ఫీజులు కట్టాల్సిన ఇంట్లో ఏడు వేలు చిన్న సంగతి కాదు. కానీ పదేళ్లలో కట్టేది 11 లక్షల 18 వేలు. అందులో వడ్డీ 5 లక్షల 18 వేలు. పదిహేనేళ్లయితే వాయిదా 7,990కి దిగుతుంది, వడ్డీ 8 లక్షల 38 వేలకు ఎక్కుతుంది. అసలును మించిపోతుందన్నమాట.

ఇప్పుడు నాలుగు అప్పుల్లో పర్సనల్ లోనును ఒక్కదాన్నే పక్కకు తీయండి. అది ఉన్నచోటే ఉంటే 24 నెలల్లో తీరిపోతుంది, ఇక కట్టాల్సిన వడ్డీ సుమారు 35,700. అదే లక్షా 80 వేలను 14 శాతానికి మార్చి పదేళ్లకు సాగదీస్తే దాని వాటా వడ్డీ లక్షా 55 వేలు. శాతం తగ్గింది, వడ్డీ నాలుగు రెట్లు దాటింది. దీన్నొక్కటీ అర్థం చేసుకుంటే టేకోవర్ వ్యాపారం సగం అర్థమైనట్లే.

బంగారం సంగతి ఇంకా సూటిగా ఉంది. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. దాన్ని తీసుకెళ్లి 14 శాతం అప్పులో కలపడం ఏ లెక్కన చూసినా నష్టమే. నగలు ఇంటికొస్తాయన్న ఆశ దీన్ని చేయిస్తుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను, పెళ్లి ఈడు పిల్ల ఉన్న తల్లికి అది పెద్ద విషయం. కానీ విడిపించిన నగలు మళ్లీ ఏ ఆసుపత్రి ఖర్చుకో పెట్టుబడికో తాకట్టుకు వెళ్తే, ఇంటి మీద అప్పు, బంగారం మీద అప్పు రెండూ నెత్తిన ఉంటాయి.

మరి ఏది కలపాలి? కార్డు బాకీ, ప్రోనోటు. ఈ రెండూ 2 లక్షల 20 వేలు. 42 శాతం, 24 శాతం వడ్డీలు మేసేస్తున్నది ఇక్కడే. వీటిని మాత్రమే 14 శాతానికి ఐదేళ్ల అప్పుగా మార్చుకోగలిగితే వాయిదా 5,119. పర్సనల్ లోను వాయిదా, బంగారం వడ్డీ ఎప్పటిలాగే. నెలకు 16,105 రూపాయలు, అంటే ఇప్పుడు కట్టేదానికంటే కాస్త తక్కువే. రెండేళ్లకు పర్సనల్ లోను తీరుతుంది. ఆ 8,986ను బంగారం మీదకు మళ్లిస్తే మరో 21 నెలల్లో నగలు ఇంటికొస్తాయి. ఐదేళ్లు నిండేసరికి అన్ని అప్పులూ తీరిపోతాయి. మొత్తం వడ్డీ దాదాపు లక్షా 93 వేలు. అదే ఇల్లు, అవే అప్పులు, అదే 14 శాతం. అన్నీ కలిపితే 5 లక్షల 18 వేలు, రెండే కలిపితే లక్షా 93 వేలు.

ఎలా చూసినా నెలకు పదహారు వేలు మోయలేని ఇల్లుంటుంది. అలాంటివారు పదేళ్లకే తీసుకోవచ్చు, కానీ పంట డబ్బు చేతికి రాగానే కొంత అసలుకు జమ కట్టాలి. పై 6 లక్షల అప్పులోనే ఏటా 50 వేలు అదనంగా కడితే పదేళ్ల అప్పు ఆరేళ్లలోపే తీరుతుంది. వడ్డీ సుమారు 2 లక్షల 76 వేలకు దిగుతుంది.

పంట రుణాన్ని, డ్వాక్రా అప్పును మాత్రం ఈ గంపలో వేయనే వేయకండి. 3 లక్షల లోపు కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం 7 శాతం. గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీతో 4 శాతమే పడుతుంది. దాన్ని పద్నాలుగు శాతం అప్పుతో తీర్చడమంటే చేతిలో ఉన్న రాయితీని పారేసుకోవడమే.

వడ్డీ కాక పడేవి

ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే 6 లక్షల మీద 12 వేలు, పైన 18 శాతం జీఎస్టీ 2,160. పాత పర్సనల్ లోను ముందే తీర్చినందుకు 4 శాతం ఛార్జీ ఉంటే జీఎస్టీతో 8,496. ఇంటి కాగితాల మీద లాయరు అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు నమోదు, ఇవన్నీ వేరు. వీటికంటే లోతుగా దిగేది బీమా. లోనుతోపాటు ఒకేసారి ప్రీమియం కట్టే పాలసీ అంటగట్టి, ఆ ప్రీమియాన్ని కూడా అప్పులోనే కలుపుతారు. 25 వేల ప్రీమియం పదేళ్ల అప్పులో కలిస్తే చివరికి దానికి కట్టేది 46,580. బీమా వద్దని కాదు. ఇంటి పెద్దకు టర్మ్ పాలసీ విడిగా తీసుకోవచ్చు, వడ్డీ పడకుండా.

ఇవన్నీ దాచిపెట్టే రోజులు కాగితం మీదనైనా పోయాయి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రిటైల్ లోను తీసుకునే ప్రతి ఒక్కరికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులు, వాళ్లు వసూలు చేసే బీమా, లాయరు ఖర్చులతో సహా లెక్కగట్టిన వార్షిక శాతం, ఏపీఆర్, అందులో ఉండాలి. ఏ నెల ఎంత అసలు, ఎంత వడ్డీ అనే పట్టిక ఉండాలి. అందులో రాయని ఛార్జీని మన స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వేయకూడదు. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. తెలుగులో ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. 14 శాతం అని చెప్పిన చోట ఏపీఆర్ 15, 16 అని ఉంటే ఆ తేడానే మీరు కట్టే దాచిన ధర.

ముందే తీర్చే ఛార్జీల విషయంలోనూ కొంత మేలు జరిగింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన ఫ్లోటింగ్ రేటు లోన్లకు, అవి వ్యాపారానికి కాక సొంత అవసరాలకు వ్యక్తులు తీసుకున్నవైతే, ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదు. ఫిక్స్‌డ్ రేటు పర్సనల్ లోన్లకు ఈ రక్షణ లేదు. కాబట్టి కొత్త అప్పు ఏ రేటు కిందిదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పంట డబ్బు అసలుకు జమ కట్టాలన్న ఆలోచన నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

వాయిదాల మీద కట్టే మనిషికి నెల జీతం ఉందా అన్నది మరో ప్రశ్న. సార్వా వరి డబ్బు కోతల తర్వాత ఒక్కసారి వస్తుంది. రొయ్యల చెరువు పట్టుబడి మూడు నాలుగు నెలలకోసారి. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తేదీనో పదో తేదీనో ఖాతాలోంచి లాగుతుంది. ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్స్ ఛార్జీ అప్పిచ్చిన సంస్థ ఒకటి, మన బ్యాంకు ఒకటి వేస్తాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన వరి చేలల్లోనే నానిపోయిన ఆ నెలలో కూడా వాయిదా తేదీ మారలేదు. ప్రోనోటు ఇచ్చిన ఊరి మనిషిని "బాబాయ్, ఈ పంటకు ఆగు" అని అడగొచ్చు. ఆయన వడ్డీ వదలడు, కానీ ఆగుతాడు. ఇంటి తాకట్టు మీద ఇచ్చిన బ్యాంకుకు సర్ఫేసీ చట్టం ఉంది. కోర్టు డిక్రీ లేకుండానే నోటీసిచ్చి ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం అది. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, ఇంటికి వర్తిస్తుంది. కార్డు బాకీకి, ప్రోనోటుకు తాకట్టు లేదు. వాటిని ఇంటి మీదకు తేవడమంటే అప్పు తీరకపోతే పోయేదేమిటో మార్చడం. సంతకం చేసే ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

1938లో తేల్చిన సంగతి

అప్పులు కలిపితే వడ్డీ అసలుగా మారుతుందని మన పెద్దలకు బాగా తెలుసు. 1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధరలు కుప్పకూలినప్పుడు డెల్టా రైతు అప్పుల్లో కూరుకుపోయాడు. రైతు ఉద్యమాల్లో రుణ విముక్తి ప్రధాన డిమాండైంది. ఆ ఉద్యమాల ముందువరుసలో నిలిచిన ఎన్జీ రంగా ఈ పక్కనున్న నిడుబ్రోలు వారే. 1936లో మద్రాసు రాష్ట్రంలో రుణ రాజీ చట్టం వచ్చింది. అప్పిచ్చినవాడిని, తీసుకున్నవాడిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎంతకు తెగుతుందో తేల్చే బోర్డులు పెట్టడం దాని ఉద్దేశం. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. అప్పటి గుంటూరు జిల్లా, అంటే మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమంతా, ఆ చట్టం కిందిదే.

ఆ చట్టంలో రెండు సంగతులు ఇవాళ్టికీ చదవదగ్గవి. అసలుకు రెట్టింపు కట్టిన పాత అప్పు పూర్తిగా తీరినట్లే లెక్క. రెండోది ఇంకా ముఖ్యం. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా, పాత అప్పును కొత్త పత్రంలో కలిపినా, మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా తీసుకోవాలి. తిరగరాతతో వడ్డీ అసలుగా మారే దారిని చట్టమే మూసేసింది.

చాలా ఏళ్ల తర్వాత వడ్డీకి హద్దు పెట్టాలన్న అదే ఆలోచన మళ్లీ వచ్చింది. గుంటూరులో 1998లో మొదలైన స్పందన వంటి సంస్థలతో మైక్రోఫైనాన్స్ రాష్ట్రమంతా పాకింది. ఒక సంస్థ వారం వాయిదా కట్టడానికి ఇంకో సంస్థలో అప్పు, దానికి మరోటి. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఈ సంస్థల శాఖలు కొన్నింటికి తాళాలు వేశారు. 2010 అక్టోబరు 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. మైక్రోఫైనాన్స్ సంస్థలు ఏ అప్పు మీదైనా అసలును మించి వడ్డీ వసూలు చేయకూడదని అందులో ఉంది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దందా గుర్తుండే ఉంటుంది. అక్కడా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు అనే దారిలోనే చాలామంది చిక్కుకున్నారు.

ఇంటి తాకట్టు మీద పదిహేనేళ్లకు తీసుకునే బ్యాంకు అప్పుకు ఇలాంటి హద్దు లేదు. 6 లక్షల మీద 8 లక్షల 38 వేల వడ్డీ పూర్తిగా చట్టబద్ధం. ఆ హద్దు మనమే పెట్టుకోవాలి. మొత్తం వడ్డీ అసలులో సగం దాటే గడువుకు ఒప్పుకోకూడదన్నది నా అభిప్రాయం.

'మాఫీ చేయిస్తాం' అనేవాళ్లు

టేకోవర్ చేయించే ఏజెంటు ఒక రకం. ఇంకో రకం ఫోనులో వస్తుంది. "మీ ఈఎంఐలు ఆపేయండి, రికవరీ వాళ్లతో మేం మాట్లాడతాం, సగానికి సెటిల్ చేయిస్తాం. మాకు నెలనెలా రుసుము, సెటిలైతే మిగిలిన దాంట్లో వాటా." ఇలాంటి సంస్థల్లో లాయర్లు ఉండి నిజంగా పని చేసేవీ ఉన్నాయి. కానీ ఈ సేవలకంటూ రిజర్వు బ్యాంకు లైసెన్సు ఏదీ లేదు. 2023 డిసెంబరు 11న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది: రుణమాఫీ ధ్రువపత్రాలిస్తామంటూ కొందరు అధికారమేదీ లేకుండా ప్రచారం చేస్తున్నారు, సేవా రుసుమనీ లీగల్ ఫీజనీ వసూలు చేస్తున్నారు, బ్యాంకులకు కట్టొద్దని చెబుతున్నారు, నమ్మొద్దు అని. అమెరికాలో ఫోను మీద అమ్మే ఇలాంటి సేవలకు 2010 అక్టోబరు నుంచి ఒక నిబంధన ఉంది. అప్పు ఒక్కటైనా తగ్గించి చూపించాకే రుసుము తీసుకోవాలి, ముందుగా పైసా తీసుకోకూడదు. మన దగ్గర అలాంటి రక్షణ లేదు గనుక ముందే డబ్బడిగేవాళ్లకు ఇవ్వకుండా ఉండటమే మన రక్షణ.

వాయిదాలు ఆపేసిన రోజు నుంచి అదనపు ఛార్జీలు పడతాయి. ఇచ్చిన చెక్కు బౌన్సయితే కేసు రావచ్చు. జామీను ఉన్న బావమరిదికో తోడల్లుడికో నోటీసు వెళ్తుంది. సెటిలయ్యాక కూడా క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని ఏళ్ల తరబడి ఉంటుంది. రేపు పిల్లల చదువు లోనుకు వెళ్లినప్పుడు ఆ మాట అడ్డొస్తుంది.

బాకీ తగ్గించమని బ్యాంకును అడగడానికి మధ్యవర్తి అక్కర్లేదు. రాజీ పరిష్కారాలకు ప్రతి బ్యాంకూ బోర్డు ఆమోదించిన విధానం పెట్టుకోవాలని 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు చెప్పింది. కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు ఉండదు. అన్ని దారులూ మూసుకుపోతే ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టే హక్కు 1920 నాటి చట్టం ఇప్పటికీ ఇస్తోంది. మన ఊళ్లలో ఆ మాట పరువుతో ముడిపడిపోయింది గానీ అది నేరం కాదు, చివరి మందు.

కలపాలనే తేల్చుకుంటే, పాత అప్పు తీర్చిన రోజే కాగితాలు వెనక్కి తీసుకోండి. ప్రోనోటు అసలుది చేతికి రావాలి, వెనక పూర్తిగా ముట్టిందని రాయించాలి. అప్పుడెప్పుడో ఇచ్చిన ఖాళీ చెక్కులు, సంతకం చేసిన ఖాళీ కాగితాలు అడిగి తీసుకోవాలి. బ్యాంకు అప్పు తీరితే ఇంటి దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలన్నది 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన. కార్డు బాకీ తీర్చాక కార్డును మూయించండి. లేకపోతే ఏడాదికల్లా అది మళ్లీ నిండుతుంది.

బ్యాంకు మీద గానీ ఫైనాన్స్ కంపెనీ మీద గానీ ఫిర్యాదుంటే ముందు వాళ్లకే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, సమాచారానికి 14448 నంబరు. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవా సంస్థ లాయరును ఇస్తుంది. ఈ రెండు చోట్లా రుసుము లేదు.